అయిదోముడి అమ్మలు: ఆకు కప్పు కథ

జాజులకొండ నరసింహస్వామి దర్శనానికి నేరేళ్ళగడ్డ నుంచి కాలినడకన బయలుదేరిన భక్తులు అయిదోనాటి సాయంత్రానికి చేరుకునే ఊరు అయిదోముడి. పెద్ద ఊరేమీ కాదు. నలభై గడపలు, ఒక చేదబావి, చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి చేలు. ఆ చేల నడుమ నాలుగు గుంజల మీద మోదుగాకుల కప్పుతో అమ్మల గుడి. గోపురం లేదు, ప్రాకారం లేదు, తాళం వేయడానికి తలుపైనా లేదు. మొదటిసారి వచ్చినవారు దూరం నుంచే చూసి, ఇంత పేరు విన్నాం, ఇంతేనా అని పెదవి విరుస్తారు. విరవనివ్వండి. ఆ కప్పు కింద ఒక్క పూట కూర్చుని లేచాక ఆ నోటితోనే అమ్మా అంటారు.

లోపల మోకాలెత్తు రాయి ఒక్కటే ఉంది. దాని మీద ఇద్దరు స్త్రీమూర్తులు భుజం భుజం ఆనించి కూర్చుని ఉంటారు. కుడివైపు అమ్మ చేతిలో దబ్బనం, ఎడమవైపు అమ్మ చేతిలో ఆకు. వీరు అక్కచెల్లెళ్ళు కారు, తల్లీకూతుళ్ళు కారు. అత్తాకోడళ్ళు. అవును, మీరు సరిగ్గానే చదివారు. అత్తనూ కోడలినీ ఒకే రాతిలో, ఒకే నైవేద్యంతో కొలిచే గుడి మరెక్కడైనా ఉందని ఎవరైనా అంటే అయిదోముడి వాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

ఏటా కార్తీకంలో ఈ దారిన వేలమంది నడుస్తారు. ఇరవై నాలుగు క్రోసుల దారి. ఏడు రాత్రులు దారిలో, ఎనిమిదో నాడు కొండ. అంతమందిలో ఒక్కరి భుజాన కూడా డేరా కనిపించదు. ఒక దుప్పటి, చేతిలో ఏడు ముళ్ళు వేసిన గోగునార తాడు, అంతే సరంజామా. మరి అడవిదారిలో అన్ని రాత్రులు తల దాచుకునేదెక్కడ అని కొత్తవారు కంగారు పడతారు. ఆ కంగారు మొట్టమొదట పడి, దాన్ని పడవలసిన విధంగా పడి, మనందరికీ తప్పించిన తల్లి కథ ఇది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఉన్నవి జొన్నచేలు, చేలు దాటితే అడవి. జాజులకొండకు నడక అప్పుడూ ఉండేది గానీ, అది డేరా ఉన్నవాడి నడక. కార్తీకం రాగానే నేరేళ్ళగడ్డ పొలిమేరలో నడకపెద్ద నిలబడేవాడు. ఒక్కొక్కరి డేరా విప్పించి, గుడ్డ తడిమి, తాళ్ళు లాగి చూసి, అప్పుడు దారి వదిలేవాడు. ఇద్దరు పడుకునే డేరా గుంజలతో కలిపి రెండు మణుగుల బరువు. అది మోయడానికి దిట్టమైన మగవాడు ఉండాలి. ముసలివారికీ, తోడులేని ఆడవారికీ, కూలి మనుషులను పెట్టుకోలేని వారికీ ఆ స్వామి దర్శనం మాటలతోనే సరి.

ఆ డేరాలన్నీ కుట్టేది నేరేళ్ళగడ్డలో మేర వాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. అత్త సుంకులమ్మ, కోడలు చౌడక్క. కొడుకు పోయి ఆరేళ్ళయింది. పుట్టింటికి వెళ్ళిపొమ్మని నలుగురూ చెప్పినా చౌడక్క వెళ్ళలేదు, అత్త వెళ్ళమననూ లేదు. సుంకులమ్మ తాళ్ళు పేనేది, చౌడక్క దబ్బనంతో గుడ్డ కుట్టేది. పనిలో పనిగా ఇద్దరూ రోజంతా వాదులాడుకునేవారు. దారం బిగువు గురించి, పప్పులో ఉప్పు గురించి, ఏమీ దొరక్కపోతే నిన్నటి వాదన గురించి. ఒకరు మాట్లాడకపోతే రెండోవారికి తోచేది కాదు.

సుంకులమ్మ నలభై ఏళ్ళుగా జాజులకొండకు డేరాలు పంపింది గాని తాను ఒక్కసారీ వెళ్ళలేదు. నడక ముగిశాక చిరుగులు కుట్టడానికి డేరాలు తిరిగి ఇంటికి వచ్చేవి. వాటిని ఒళ్ళో వేసుకుని ముక్కుకు ఆనించుకుని, ఇదిగో కర్పూరం, ఇదిగో కొండ మీది జాజులు అని వాసన చూసేది. కార్తీక పున్నమి సాయంత్రం కొండకొమ్మున వెలిగించే అఖండం గురించి ఆమెకు తెలియనిది లేదు. ఎన్ని మణుగుల నెయ్యి పోస్తారో, వత్తి ఎంత లావో, గాలి ఎటు వీస్తే మంట ఎటు వాలుతుందో చూసివచ్చిన వారికే చెప్పేది. ఆమె చూడవలసింది ఒక్కటే మిగిలింది, ఆ మంట.

అలాంటి సుంకులమ్మ కళ్ళకు పొర కమ్మింది. ఒక కన్ను ముందే పోయింది. రెండో కన్ను చూసిన వైద్యుడు చౌడక్కను పక్కకు పిలిచి, వచ్చే ఏటి కార్తీకానికి ఈ చూపు ఉండదని చెప్పాడు. చౌడక్క ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. చెప్పకపోయినా ముసలామెకు తెలిసిపోయింది. ఆ రోజు కోడలు ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు మరి.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం సుంకులమ్మ కునుకులోంచి ఉలిక్కిపడి లేచింది. స్వామి కలలోకి వచ్చాడట. పంచె మోకాళ్ళ పైకి కట్టి, దారినపోయే మనిషిలా గుమ్మంలో నిలబడి, "భుజాలు ఖాళీగా రా" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడట. ఆ కల నిజంగా వచ్చిందా, కోడలు ఒప్పుకోవడానికి ముసలామె అల్లిందా అని చౌడక్కకు చివరిదాకా చిన్న అనుమానం ఉండేది. అడిగితే అత్త చూపు లేని కన్ను కూడా చిట్లించి కోప్పడేది. ఏది ఏమైతేనేం, ఆ మాట చౌడక్క మనసులో దబ్బనంలా దిగింది. డేరాను మోస్తే అత్తను పట్టుకోలేదు. అత్తను పట్టుకుంటే డేరాను మోయలేదు. భుజాలు ఖాళీగా వెళ్ళడం ఒక్కటే దారి. అయితే ఏడు రాత్రులు ఏ కప్పు కింద?

ఆ ప్రశ్న పట్టుకున్న రోజు నుంచి చౌడక్కకు కాలు నిలవలేదు. ముందుగా అత్త ఒక పూటకు ఎంత నడవగలదో తేల్చాలి. ఆషాఢం మొదలుకొని రోజూ తెల్లవారగానే ముసలామెను చెరువుకట్ట మీద నడిపించింది. నూరు అడుగులకు ఒక చింతగింజ కొంగున వేసుకునేది. మొదటి రోజు ఎనిమిది గింజలకే సుంకులమ్మ కూలబడింది. ఊరి ఆడవాళ్ళు, కోడలు అత్తను గానుగెద్దును చేసిందని ముసిముసిగా నవ్వారు. శ్రావణం వచ్చేసరికి కొంగు బరువెక్కింది. భాద్రపదం నాటికి ముసలామె రోజుకు మూడు క్రోసులు నడిచి, ఇంటికి వచ్చి, నాలుగోది నడిపించలేదేమని దెప్పిపొడిచింది. నవ్విన ఆడవాళ్ళే ఇప్పుడు పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి ఇవాళ ఎన్ని గింజలని అడగసాగారు.

మూడు క్రోసులకు ఒక కప్పు కావాలి. తక్కువైతే పరవాలేదు, ఎక్కువైతే కుదరదు. ఇక చౌడక్క గడపలోకి వచ్చిన వారినెవ్వరినీ ఊరికే పోనివ్వలేదు. గోనెలు కుట్టించుకోవడానికి వచ్చిన కుమ్మరిని కూర్చోబెట్టి మజ్జిగ పోసి, అడవి దాపున మీ కుండలు కాల్చే ఆవం పక్కన పంచ ఉందటగా, ఇద్దరు ఆడవాళ్ళకు చోటు దొరుకుతుందా అని అడిగింది. చోటేమిటి, వెచ్చగా కూడా ఉంటుందన్నాడు కుమ్మరి. చౌడక్క ఆ క్షణమే గోగునార తాడుకు ఒక ముడి వేసింది. చూపు తగ్గిన అత్త వేళ్ళతో తడిమి తెలుసుకోవాలని ముడి లావుగా వేసింది. గానుగ వాళ్ళ సాల రెండో ముడి. వాగు ఒడ్డున గొర్రెల వాళ్ళ రాతి దొడ్డి మూడోది. పాడుబడిన బాటసారి మండపం నాలుగోది. ముడి పడిన రోజల్లా ఆ ఇంట్లో పండగే. సుంకులమ్మ తాడు చేతిలోకి తీసుకుని, కుమ్మరిదీ, గానుగదీ, గొర్రెలదీ అని జపమాల తిప్పినట్టు తిప్పేది.

అయిదో ముడి మాత్రం చాలా రోజులు పడలేదు. మండపం దాటాక అంతా జొన్నచేలు, చేల తరువాత మునులు తపస్సు చేసిన గవి, అంటే రాతి గుహ. రెంటికీ మధ్య ఆరు క్రోసులు. ముసలామెకు అది రెండు రోజుల నడక. నడుమ ఏదో ఒకటి లేకపోతే తాడు అక్కడితో తెగినట్టే. భాద్రపదం చివరలో బీరప్ప అనే గొర్రెల కాపరి కంబళి చిరుగు కుట్టించుకోవడానికి వచ్చాడు. చౌడక్క అడిగీ అడగకముందే, ఆ చేల నడుమ భేషైన కాపలా పాక ఉంది కదక్కా, నిన్ననే అందులో సంకటి తిని వచ్చానన్నాడు. నాలుగు గుంజలు, జొన్నచొప్ప కప్పు, కాపలాకు ఉన్న ముసలాయన, ఆయన భార్య. ఎవరినీ కాదనరు. చౌడక్క అక్కడికక్కడే అయిదో ముడి వేసింది. తక్కిన రెండూ తేలికే. గవి ఆరో ముడి, కొండ కింద పూలమాలలు కట్టే వారి పంచ ఏడో ముడి. ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు వాదులాడుకోవడం మరిచిపోయి బెల్లం అన్నం వండుకుని తిన్నారు.

ఇక్కడ భక్తులు ఒక్క క్షణం ఆగి గమనించాలి. చౌడక్క తప్పు చేసింది. దుక్కి దున్నే ఇంట్లో పుట్టినవారెవరూ చేయని తప్పు. గుడ్డా దారం తెలిసిన మనిషికి పైరు సంగతి ఏం తెలుసు? కాపలా పాక ఉన్నదా అని అడిగింది గాని, ఎప్పటిదాకా ఉంటుందని అడగలేదు. ఆమె దృష్టిలో ఒకసారి నిలబెట్టిన కప్పు నిలిచే ఉంటుంది. మిగిలిన ఆరూ అలాంటివే.

కార్తీకం వచ్చింది. నడకపెద్ద తిమ్మరాయుడు పొలిమేరలో నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనుకోకండి. ఇరవై ఏళ్ళ కిందట ఆయన తమ్ముడు డేరా లేకుండా నడకకు వెళ్ళి, తుపాను వానలో చలికి బిగుసుకుపోయి, తిరిగి రాలేదు. అప్పటి నుంచే ఆ నియమం. తనతో బయలుదేరిన వారందరూ తనతో తిరిగి రావాలి, ఆయన పట్టుదల అదొక్కటే. ముప్పైమంది డేరాలు చూసి దారి వదిలాడు. చివర అత్తాకోడళ్ళు వచ్చి నిలబడ్డారు. ఇద్దరి భుజాలూ ఖాళీ. చౌడక్క తాడు చాపి, ఒక్కొక్క ముడీ పట్టుకుని ఏ రాత్రి ఎక్కడో చెప్పింది. తిమ్మరాయుడు చివరిదాకా విన్నాడు.

"తాడు చూపిస్తే కప్పు అవుతుందా అమ్మా? కప్పు చూపించు, పంపిస్తాను" అన్నాడు.

చౌడక్క వాదించలేదు. మీతో కాకపోతే మా దారిన మేమే పోతాం అని నెమ్మదిగా చెప్పి, అత్త చేయి పట్టుకుని అడుగు ముందుకు వేసింది. తిమ్మరాయుడు అడ్డు పడబోయాడు. సుంకులమ్మ ఆయన చేతిని తడిమి, తీసి పక్కన పెట్టి, వచ్చేటప్పుడు నీకూ ప్రసాదం తెస్తాలే నాయనా అన్నది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన నవ్వలేదు. పది అడుగుల వెనకే నడిచాడు.

ఇక ఆ నాలుగు రోజులూ చెప్పాలంటే నోరు చాలదు! ఆవం పంచలో కుమ్మరి భార్య వేడినీళ్ళు కాచి ముసలామె కాళ్ళు కడిగింది. గానుగ సాలలో అప్పుడే ఆడిన నువ్వుల నూనె మోకాళ్ళకు మర్దన చేశారు. గొర్రెల దొడ్డిలో బీరప్ప తమ్ముళ్ళు కంబళ్ళు పరిచారు. తాడు మీద చేయి వేస్తే కప్పు దొరికినట్టే. చౌడక్కకు నేల మీద కాళ్ళు ఆనలేదు. డేరాల వాళ్ళు వెనకే వచ్చేవారు. వారిది బలిష్ఠమైన నడకే గాని, పొద్దున డేరా విప్పి మడిచి కట్టేసరికి ఒక జాము, సాయంత్రం దింపి గుంజలు పాతేసరికి ఇంకో జాము పోయేది. ముప్పైమంది మోతగాళ్ళూ, ఒంటికన్ను ముసలామే రోజుకు అవే మూడు క్రోసులు. సుంకులమ్మ అది కనిపెట్టి దారిపొడుగునా నవ్వుతూనే ఉంది.

అయిదో నాడు బారెడు పొద్దుండగానే జొన్నచేలు చేరారు. చౌడక్క పాక కోసం చూసింది. చేలు కోసి ఉన్నాయి. మొదళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి. వాటి నడుమ నాలుగు గుంజలు నిలబడి ఉన్నాయి, వాటి మీద ఏమీ లేదు. పైరు ఇంటికి చేరాక ఇంక కాపలా ఎవరికి? ముసలాయన చొప్ప పశువులకు మోసుకుని భార్యతో సహా ఊరికి వెళ్ళిపోయాడు. చౌడక్కకు అప్పుడు అర్థమైంది. భాద్రపదంలో విన్న మాటను కార్తీకానికి ముడి వేసింది. తూర్పున మబ్బు నల్లగా లేస్తోంది. గాలిలో తడి వాసన. గవి మూడు క్రోసుల అవతల ఉంది. అత్త ఇంక మూడు వందల అడుగులు కూడా వేసేలా లేదు. తిమ్మరాయుడి తమ్ముడు పోయింది ఇలాంటి వానలోనే. చౌడక్క గుంజను పట్టుకుని భోరున ఏడ్చింది. నిన్ను చంపడానికే తీసుకొచ్చాను అత్తా అంటూ ఏడ్చింది.

సుంకులమ్మ ముందు తాడు తడిమింది. తరువాత గుంజలు తడిమింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టింది.

"నాలుగు గుంజలున్నాయి, నీ కొప్పులో దబ్బనం ఉంది, ఏడుపెందుకే? ఆ మోదుగాకుల గలగల వినబడుతోంది, పోయి కోసుకురా" అన్నది.

చౌడక్కకు పెళ్ళినాటి సంగతి గుర్తొచ్చింది. అత్త పుట్టింటివారు విస్తళ్ళు కుట్టేవారు. పెళ్ళయి వచ్చాక ఈమె ఆకు ముట్టలేదు, తాళ్ళే పేనింది. చేల గట్టున మోదుగ చెట్లు పచ్చగా ఉన్నాయి. చౌడక్క పరుగెత్తి ఒడి నిండా, కొంగు నిండా ఆకులు కోసి తెచ్చి కుప్ప పోసింది. మరి దారం? దారం తేలేదు. డేరా లేని నడకకు దారమెందుకని ఇంట్లోనే వదిలి వచ్చింది. సుంకులమ్మ తాడు ఒళ్ళో వేసుకుంది. కుమ్మరిదీ, గానుగదీ, గొర్రెలదీ, మండపానిదీ అని పేరు పెట్టి నాలుగు ముళ్ళూ విప్పింది. నడిచి వచ్చిన దారి ఇంక మనకెందుకే అంటూ ఆ మేరకు తాడు తెంచి, పురి విప్పి, పోగులు తీసి కోడలి చేతికిచ్చింది. ముసలామె వేళ్ళతో ఆకు మీద ఆకు సర్ది ఇస్తుంటే, చౌడక్క తను కప్పుకునే దుప్పటి పరిచి, దాని మీద కింది వరుస నుంచి పైకి, నీరు జారిపోయేలా ఆకులు కుట్టుకుంటూ పోయింది. ఆమె డేరా కుట్టని రోజు లేదు గాని, అంత ఆత్రంగా ఎన్నడూ కుట్టలేదు. దీపాలవేళకు కప్పు గుంజల మీదికి ఎక్కింది. చివరి మూల కట్టడమూ మొదటి చినుకు పడడమూ ఒక్కసారే జరిగాయి.

వాన అంటే అది మామూలు వాన కాదు. నాలుగు వందల అడుగుల దూరంలో తిమ్మరాయుడి జట్టు డేరాలు వేసుకుంది. నల్లరేగడి నేల తడిసి బురదై మేకులను పట్టలేదు. ఒక్కొక్క డేరా గుంజతో సహా ఒరిగిపోయింది. తడిసిన గుడ్డ మనుషుల మీద పడి ఊపిరి ఆడనివ్వలేదు. ముప్పైమందీ దాని కింది నుంచి పాక్కుంటూ బయటపడి, ఎటు పోవాలో తెలియక, గుంజల వైపు పరుగెత్తారు. అందరికంటే వెనక తిమ్మరాయుడు వచ్చాడు. ఆయన కప్పు దాకా వచ్చి బయటే ఆగిపోయాడు. వానలో నిలబడి ఆకుల కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన తలలో ఆ క్షణాన తమ్ముడు తప్ప ఎవరూ లేరని చౌడక్కకు ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

"లోపలికి రా నాయనా. చోటుంది" అన్నది సుంకులమ్మ.

ఇద్దరి కోసం కుట్టిన కప్పు అది. దాని కింద ముప్పై ముగ్గురు కూర్చున్నారు. ఒక్కరి భుజమూ తడవలేదు. ఎలా పట్టారని అడగవద్దు. అడిగినవారందరికీ అయిదోముడి పెద్దలు ఒకే జవాబు చెబుతారు, మీరూ వచ్చి కూర్చుని చూడండి, ఇంకా చోటుంటుంది అని. స్వామి కలలో ఎందుకు భుజాలు ఖాళీగా రమ్మన్నాడో చౌడక్కకు అప్పుడు తెలిసింది, ఖాళీ భుజానికే మరో భుజం ఆనుతుందని.

తెల్లారేసరికి వాన వెలిసింది. తడిసిన డేరా నాలుగు మణుగులైంది. ఎండబెట్టాలంటే మూడు రోజులు. పున్నమికి ఉన్నవి మూడే రోజులు. మోస్తే నడవలేరు, ఆరబెడితే అఖండం దక్కదు. జట్టంతా తిమ్మరాయుడి వైపు చూసింది. ఆయన తన డేరాను ఈడ్చుకొచ్చి గుంజల పక్కన పడేశాడు. చౌడక్క ముందు చేతులు జోడించి, మిగిలిన మూడు ముళ్ళు ఎక్కడెక్కడివో చెప్పమని అడిగాడు. ఒకరి తరువాత ఒకరు డేరాలు అక్కడే కుప్ప పోశారు. ఆ రోజు నుంచి జట్టు ముందు నడిచింది సుంకులమ్మ. ఆమె ఎంత నడిస్తే అందరూ అంతే నడిచారు. ఆమె అలిసి ఆగితే అందరూ ఆగారు. ఒక చోట కాలు మడత పడితే తిమ్మరాయుడు ఆమెను ఖాళీగా ఉన్న తన భుజాల మీద ఎక్కించుకున్నాడు.

ఎనిమిదో నాడు పొద్దు గూకుతుండగా కొండకొమ్ము ఎక్కారు. అత్త చూపు ఈ ఎనిమిది రోజుల్లో ఇంకా పలచబడిందని చౌడక్కకు తెలుసు. పక్కనున్న మనిషి కూడా నీడలా కనబడుతున్నాడని ఆరో రోజునే ముసలామె నోరు జారింది. ఇంత దూరం నడిపించుకొచ్చి, చివర ఆమెకు ఏమీ కనబడకపోతే? అర్చకులు వత్తి వెలిగించారు. నేతి మంట లేచి, గాలికి ఒకసారి వాలి, నిటారుగా నిలబడింది. జనం గోవిందలు కొట్టారు. సుంకులమ్మ మంట వైపు ముఖం తిప్పింది. చాలాసేపు అలాగే చూసింది. చౌడక్క ఇంక ఆగలేక, కనబడుతోందా అత్తా అని చెవిలో అడిగింది.

"కనబడుతోందే. కళ్ళనిండా చూశాను. ఇంక నీ ముఖం ఇటు తిప్పు, ఈ వెలుతురు ఉండగానే నిన్ను కూడా చూసుకుంటాను."

అలా చూసుకున్నదే చూపు. మరుసటి కార్తీకం దాకా కూడా అది నిలవలేదు. ఆ తరువాత ఏళ్ళలో ఎవరు అడిగినా సుంకులమ్మ తనకు రెండు దర్శనాలు అయ్యాయని చెప్పేది.

మరుసటి ఏడు బీరప్ప గొర్రెలను తోలుకుంటూ ఆ చేలకు వచ్చాడు. డేరాల కుప్ప ఎండకూ వానకూ చివికి మట్టిలో కలిసిపోయింది. ఒక గొర్రెపిల్ల ఆ మట్టిని కాలితో గీకుతూ ఎంత అదిలించినా కదలలేదు. బీరప్ప తవ్వి చూస్తే, భుజం భుజం ఆనించిన ఇద్దరమ్మల రాయి బయటపడింది. ఒకరి చేతిలో దబ్బనం, ఒకరి చేతిలో ఆకు. కబురు విని వచ్చిన తిమ్మరాయుడు తన చేతులతో ఆ రాతిని నాలుగు గుంజల నడుమ నిలిపాడు. కప్పు మాత్రం చౌడక్కే కుట్టింది. కాపలా ముసలాయన కూడా వచ్చి, పాక విప్పుకుపోయినందుకు లెంపలు వేసుకుని, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన ఇంటి పక్కన మరొకటి, దాని పక్కన మరొకటి వెలిసి ఊరైంది. ఊరికి పేరు పెట్టే పని ఎవరికీ లేకపోయింది, తాడు మీద అది ముందే ఉంది.

నేటికీ నడకకు బయలుదేరేవారు నేరేళ్ళగడ్డలో ఏడు ముళ్ళ తాడు తీసుకుంటారు. మజిలీలు ఇప్పటికీ మూడేసి క్రోసులే. తొందర గల కుర్రకారు ఒకే రోజున రెండు మజిలీలు దాటేస్తామని ఉబలాటపడతారు. దాటవచ్చు, తప్పేమీ లేదు, కానీ ఈ దారి కొలిచింది ఒక ముసలమ్మ అడుగులతో అని గుర్తుంచుకుంటే మంచిది. అయిదోముడిలో భక్తులు మొదటి నాలుగు ముళ్ళు విప్పి, ఆ మేరకు తాడు తెంచి, పోగులు తీసి, తలా ఒక మోదుగాకు కప్పుకు కుడతారు. కుట్టడం రానివారికి ఊరి ఆడవారు నేర్పుతారు, నేర్పుతూ కాస్త వెక్కిరిస్తారు కూడా. అత్తాకోడళ్ళు కలిసి వచ్చి, ఒకరు ఆకు పట్టి ఒకరు కుడితే, ఆ ఇంట పోరు నెమ్మదిస్తుందని నమ్మకం. పూర్తిగా పోదు. అమ్మలకే పోలేదు. సొంత ఇల్లు లేనివారు మొక్కుకుంటే ఏడాది తిరిగేలోగా తలపై కప్పు అమరుతుందని, కళ్ళకు జబ్బు చేసినవారు చూడాలనుకున్నది చూసి తీరుతారని పెద్దలు చెబుతారు.

అన్నిటికంటే ముఖ్యమైన ఆచారం భాద్రపదంలో జరుగుతుంది. అప్పటికి నడక మాటే ఎవరికీ తలపుకు రాదు. అయిదోముడి నుంచి ఒక అత్త, ఒక కోడలు బయలుదేరి దారి పొడుగునా ఇల్లిల్లూ తిరుగుతారు. కుమ్మరి ఇల్లు, గానుగ సాల, గొర్రెల దొడ్డి, ఇప్పుడు వాటి పక్కన లేచిన వందల పంచలు, ఒక్క గడప వదలరు. గడప బయటే నిలబడి, చౌడక్క ఆ ఏడు అడగడం మరిచిన మాటను అడుగుతారు. కార్తీకంలో మీరు ఇక్కడే ఉంటారా, అప్పటికి కప్పు ఉంటుందా అని. ఇంట్లోవారు ఎంత పనిలో ఉన్నా చేతిపని దించి, గుమ్మంలోకి వచ్చి, జవాబు చెప్పాకే మళ్ళీ లోపలికి వెళ్ళాలి. తరతరాలుగా ఆ దారిలో ప్రతి గడపా చెబుతున్న జవాబు ఒక్కటే.

ఉంటాం. ఉంటుంది. రండి.